రబ్బరు బ్యాండు కింద నలభై ఏళ్ళు

రెండు మూడేళ్ళ క్రితం నర్సీపట్నంలో ఒక ఆసుపత్రికి పని మీద వెళ్ళాను. పథకం కార్డులు చూసే ఆరోగ్యమిత్ర అమ్మాయి కూర్చునే బల్ల దగ్గర నా ముందు ఒక మామ్మ నిలబడి ఉంది. గొలుగొండ వైపు నుంచి ఆటోలో వచ్చిందట. చేతిలో బట్టల షాపువాళ్ళు ఇచ్చే ప్లాస్టిక్ కవరు. అందులోంచి రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి తీసింది. ఆ అమ్మాయి అడిగింది ఒక్క కార్డు, మామ్మ బల్ల మీద పరిచింది ఆరు. మడతల దగ్గర చిరిగి గుడ్డముక్కలా మెత్తబడిన పాత తెల్లకార్డు. ఒక నాయకుడి బొమ్మతో ఒక ఆరోగ్య కార్డు, ఇంకో నాయకుడి బొమ్మతో ఇంకో ఆరోగ్య కార్డు. బియ్యం కార్డు, పింఛను పుస్తకం, లామినేషన్ చేయించిన ఆధార్.

"ఏది పనికొత్తాదో అది తీసుకో తల్లీ" అంది.

ఆ కట్టను అడుగు నుంచి పైకి చదువుకుంటూ వస్తే నలభై ఏళ్ళ పైచిలుకు ప్రభుత్వ వైద్యం చరిత్ర వచ్చేస్తుంది. వైద్యానికి ఇచ్చే మొత్తం 2 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. పథకం పేరు మూడుసార్లు మారింది. ఈ కాలమంతా జనం అడిగినవి మాత్రం రెండే ప్రశ్నలు: ఎవరు పేద? నువ్వు పేద కాదు పొమ్మంటే ఎవరితో చెప్పుకోవాలి? మొదటిదానికి ప్రతి ప్రభుత్వమూ ఏదో ఒక జవాబు రాసింది. రెండోదానికి సరైన కుర్చీ, బల్ల కూడా పడలేదు.

పేరు రాసుకుని పెట్టే పద్ధతి మన నేల మీదకు వచ్చింది వైద్యం కోసం కాదు, గంజి కోసం. 1876 నుంచి 1878 దాకా రాయలసీమనూ మద్రాసు రాజధానిలో ఇంకా ఎన్నో జిల్లాలనూ ఊడ్చేసిన ధాత కరువులో, నిజంగా ఆకలితో ఉన్నవాణ్ణి కనిపెట్టడానికి తెల్లదొరలు ఎంచుకున్న సాధనం మట్టిపని. ఎండలో రాళ్ళు కొట్టడానికి వచ్చాడంటే వాడు పేదే అని లెక్క. కరువు పనులు చూడటానికి వచ్చిన దొర రిచర్డ్ టెంపుల్ ఆ పనికిచ్చే కూలిని 1877లో రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర అనే దాకా దించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఆ తిండితో మనిషి బతకడని పోట్లాడాడు. మరి రాయి ఎత్తలేని ముసలివాళ్ళ సంగతి? 1880 నాటి కరువు కమిషన్ తర్వాత వచ్చిన కరువు నిబంధనల్లో వాళ్ళకో దారి పెట్టారు: ఊళ్ళోనే పేర్లు రాసి ఉచితంగా పెట్టడం. గ్రామాధికారి రాయాలి, పైనుంచి వచ్చిన ఇన్స్‌పెక్టరు సరిచూడాలి. రాసే చేతికి నచ్చకపోతే పేరు ఉండదు. ఇప్పటి జాబితాలన్నిటికీ ముత్తాత అదే.

ఆసుపత్రికి మాత్రం చాలాకాలం జాబితా లేదు. విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, ఆంధ్ర వైద్య కళాశాల 1923లో మొదలయ్యాయి. అప్పటికి ఇటు నర్సీపట్నం పైన కొండల్లో అల్లూరి సీతారామరాజు పితూరీ నడుస్తోంది. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు అంతకుముందు ఏడాది ఆగస్టులోనే జరిగాయి. జనం కేజీహెచ్‌ను పెద్దాసుపత్రి అన్నారు. సర్కారు వైద్యం దొరికే చోటు ఏదైనా వాళ్ళ నోట ధర్మాసుపత్రే. ఆ మాటలో కాస్త చిన్నచూపు ఉంది, నిజమే. కానీ ధర్మాసుపత్రిలో ఓపీ చీటీ రాసే గుమస్తా నీకెంత భూమి ఉందని అడగలేదు. ఖర్చు పెట్టుకోలేడన్న కారణంతో ఏ మనిషికీ వైద్యం అందకుండా పోకూడదని 1946లో భోర్ కమిటీ రాసిన సూత్రం కూడా ఆ దారిలోదే.

అలాగని ఆ రోజులు బంగారం అనను. అప్పటి పరీక్ష దూరం. నర్సీపట్నం నుంచి విశాఖ ఎనభై కిలోమీటర్ల పైమాటే. లంబసింగి ఘాట్ దిగి రావాల్సినవాళ్ళకు డోలీయే అంబులెన్సు. ఇప్పటికీ ఏజెన్సీలో కొన్ని ఊళ్ళకు అదే. వచ్చి మంచం ఎక్కగలిగినవాడికి వైద్యం ఉచితం. తోడు మనిషికి పూట కూలి పోతుంది, మందుల చీటీ బయటికి రాస్తారు. డెబ్బై ఏళ్ళ మనిషి కోసం ఇంట్లో ఎవరు పని మానుకోవాలన్నది ఏ రిజిస్టరులోనూ ఎక్కని అర్హత. ముసలాయన "నాకేం పర్లేదురా" అనేవాడు. ఆ మాటతో ఎన్ని రోగాలు ఇంటి అరుగు మీదే ముగిసిపోయాయో.

కట్టలో అడుగునున్న తెల్లకార్డు తాతగారు 1983లో పుట్టారు. ఎన్టీ రామారావు రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలుపెట్టినప్పుడు ఏడాదికి 6,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాన్ని పేద కుటుంబం అన్నారు. ఆ ఆదాయం ఎవరు కొలిచారని అడగకండి. రైతుకూలీకి పే స్లిప్పు ఉండదు. ఊరి పెద్దమనిషి, రెవెన్యూ గుమస్తా కలిసి చూపుతో కొలిచారు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాక ఆ కొలిచే చెయ్యి కాస్త దగ్గరికి వచ్చింది. తర్వాతి రోజుల్లో తెల్లకార్డు, గులాబీ కార్డు అని రంగులు స్థిరపడ్డాయి. తెల్లకార్డుకు పల్లెలో 60,000, పట్నంలో 75,000 రూపాయల హద్దు వచ్చింది. కార్డుల సంఖ్య పేదల సంఖ్యను ఎప్పుడో దాటిపోయింది. బియ్యం కోసం పుట్టిన ఆ ముక్క ఒకనాడు గుండె ఆపరేషన్‌కు టికెట్టు అవుతుందని 1983లో ఎవరూ అనుకుని ఉండరు.

నడుమ ఇంకో దారి ఉండేది, ముఖ్యమంత్రి సహాయనిధి. ఎమ్మెల్యే లెటరు, హైదరాబాదు బస్సు, సచివాలయం గేటు, ఎల్‌ఓసీ అనే ఖర్చు హామీ లేఖ. ఎల్‌ఓసీ అంటే ఏమిటో తెలియని ముసలివాళ్ళు కూడా ఆ మూడక్షరాలు తడుముకోకుండా పలికేవారు. అది అర్జీ కాదు, సిఫారసు. ఆ నిధి కోసం వచ్చే దరఖాస్తులు, ముఖ్యంగా పసిపిల్లల గుండె జబ్బులవి, కుప్పలు పడటం చూసే ఆరోగ్యశ్రీ ఆలోచన పుట్టిందని రాజశేఖరరెడ్డి ప్రభుత్వం చెప్పుకుంది.

2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008 జులై నాటికి రాష్ట్రమంతా పాకింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే పైన ఇంకో యాభై వేలు. చికిత్సల జాబితా పెరిగి 938 దాకా వెళ్ళింది. అందులో నాకు గొప్పగా తోచింది లక్షల అంకె కాదు. ఆసుపత్రి గుమ్మంలో కొత్తగా పేదరికం నిరూపించుకోనక్కర్లేదు. తెల్లకార్డు ఉందా, ఉంది, లోపలికి రా. రాష్ట్రంలో అయిదింట నాలుగు వంతుల మందికి పైగా ఆ గొడుగు కిందకు వచ్చారు. అప్పట్లో కాఫీ హోటళ్ళలో దొంగకార్డుల మీద సణుగుడు బాగా వినపడేది. మేడ ఉన్నవాడికి కూడా తెల్లకార్డేనా అనేవారు. నిజమే, ఉంది. కానీ ఆ వదులే చాలామంది ముసలివాళ్ళను కాపాడిందని నా నమ్మకం. మేడ కొడుకుది, గుండె తండ్రిది.

పథకానికి లోటూ అక్కడే ఉంది. ముసలితనం చాలావరకు ఆపరేషన్ థియేటర్‌లో గడవదు. బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ, మోకాళ్ళ నొప్పి, కంట్లో శుక్లం, రాత్రిపూట ఆయాసం. నెలనెలా మందుల షాపులో పెట్టే డబ్బుకు కార్డు లేదు. స్టెంటు ఉచితం, స్టెంటు పడకుండా చూసే బిళ్ళకు సొంత డబ్బు. ప్రభుత్వాసుపత్రిలో ఆ బిళ్ళలు ఉచితమే, ఉన్న రోజున.

రాష్ట్రం విడిపోయాక ఇటు పథకం ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, హద్దు రెండున్నర లక్షలు. కార్డు లేనివాళ్ళ కోసం 2017 జనవరిలో ఆరోగ్యరక్ష తెచ్చారు. మనిషికి ఏడాదికి 1,200 రూపాయలు కడితే 2 లక్షల దాకా వైద్యం. తెలుపుకూ గులాబీకీ నడుమ ఇరుక్కున్నవాళ్ళను గుర్తించిన మొదటి ప్రయత్నం కాబట్టి దీన్ని గుర్తు పెట్టుకోవాలి, ఎక్కువమంది మరిచిపోయారు గానీ.

నా లెక్కలో అసలు మలుపు 2020. వైఎస్సార్ ఆరోగ్యశ్రీ జనవరిలో పశ్చిమ గోదావరిలో 2,059 చికిత్సలతో ప్రయోగంగా మొదలై జులైలో విశాఖ జిల్లాకు, అంటే అప్పటి మన జిల్లాకు వచ్చింది. బియ్యానికి ఒక కొలత, వైద్యానికి ఇంకో కొలత అని విడగొట్టారు. బియ్యం కార్డుకు నెలకు పల్లెలో 10,000, పట్నంలో 12,000 రూపాయల ఆదాయ హద్దు. వైద్యానికి ఏడాదికి 5 లక్షలు. బియ్యానికి మూడెకరాల మాగాణి లేదా పదెకరాల మెట్ట. వైద్యానికి పన్నెండు ఎకరాల లోపు మాగాణి లేదా ముప్పై అయిదు ఎకరాల లోపు మెట్ట. బియ్యానికి కారు ఉండకూడదు, వైద్యానికి ఒక కారు ఉండొచ్చు. బియ్యం కార్డుకూ పింఛనుకూ కరెంటు మీటరు 300 యూనిట్లు దాటకూడదు. కొండవాలు జీడితోట పదెకరాలు ఉన్న రైతు బియ్యానికి అంచు మీద నిలబడితే, వైద్యానికి దర్జాగా లోపలే ఉన్నాడు. ఆకలి వేరు, ఆపరేషన్ వేరు అని ప్రభుత్వం మొదటిసారి కాగితం మీద ఒప్పుకుంది. ఖర్చు వెయ్యి రూపాయలు దాటితే పథకం వర్తిస్తుందన్నారు. చికిత్సలు 3,257 అయ్యాయి. 2023 డిసెంబరు 18న చికిత్స ఖర్చు హద్దు 25 లక్షలకు పెంచారు. అదే నెలలో తెలంగాణ తన హద్దును 5 నుంచి 10 లక్షలు చేసింది. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజున 25 లక్షలైనా 2 లక్షలైనా ఒకటే అనుకోండి, అది వేరే కథ.

మళ్ళీ మామ్మ దగ్గరికి వస్తాను. ఆరోగ్యమిత్ర ఆధార్ నంబరు కొట్టి తెర వైపు చూసి, తల ఎత్తకుండానే అంది:

"మామ్మా, మీ పేరు గాజువాకలో మీ అబ్బాయి ఇంట్లో ఉంది. ఆ ఇంటి ఆదాయం ఎక్కువ చూపిస్తోంది. పడటం లేదు."

"నాను ఈడుంటే నా పేరు గాజువాకెళ్ళిందా?"

నవ్వు వచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది. కొడుకు ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, ఇన్‌కమ్‌టాక్స్ కడతాడు. ఎప్పుడో ఇంటింటి సర్వేలో ఆమె అక్కడ ఉందో, ఎవరైనా అలా చెప్పారో, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో ఆ ఇంటి మనిషి అయిపోయింది. పింఛను కూడా రెండు నెలలుగా ఆగిందట. కొడుకు పండక్కి వస్తాడు, చీర తెస్తాడు, చెడ్డవాడేమీ కాదు. ఆమె మాత్రం పెంకుటింట్లో ఒంటరిగా ఉడకేసుకుని తింటుంది.

ఇన్నేళ్ళ చరిత్రలో ముడి అంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. పేదరికాన్ని ఇంటి లెక్కన కొలుస్తాం. ముసలితనం మాత్రం మనిషి లెక్కన గడుస్తుంది. 1983లో గుమస్తా చూపుతో కొలిచినప్పుడు ఒంటరి ముసలిదాన్ని ఒంటరిగానే చూశాడు, ఎదురుగా కనపడింది కాబట్టి. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాక సిక్స్ స్టెప్ వ్యాలిడేషన్ మొదలైంది: భూమి, కారు, కరెంటు, పన్ను, ప్రభుత్వోద్యోగం, పట్నంలో ఇంటి వైశాల్యం. లంచం, మొహమాటం, పార్టీ తగ్గుతాయన్నారు. కొంత తగ్గాయి కూడా. కానీ కంప్యూటరుకు పెంకుటిల్లు కనపడదు. మీటర్లన్నీ ఇంటి పెద్ద పేరున ఉంటే అద్దెకున్నవాళ్ళ కరెంటంతా ఆ పెద్దాయన తాగినట్టే. "మ్యాపింగ్ విడగొట్టించుకోండి" అంటారు. పెళ్ళయిన కొడుకు విడిపోవడానికి పెళ్ళి సర్టిఫికెట్ ఉంది. తల్లి కొడుకు నుంచి విడిపోయిందనడానికి ఏ సర్టిఫికెట్ తెస్తుంది? తెచ్చినా, నా కొడుకు నన్ను చూడటం లేదని పదిమంది ముందు ఏ తల్లి రాసిస్తుంది?

ఇక అర్జీ. సోమవారం కలెక్టరు దగ్గరికి వెళ్ళడం మనకు అలవాటే. గ్రీవెన్స్ అన్నారు, మీకోసం అన్నారు, స్పందన అన్నారు, జగనన్నకు చెబుదాం అన్నారు, ఇప్పుడు పీజీఆర్ఎస్ అంటున్నారు. బోర్డు మారింది గానీ సోమవారం మారలేదు. రేషను కార్డు అయితే తహసీల్దారు, అక్కడ తేలకపోతే ఆర్డీవో, ఆపైన జాయింట్ కలెక్టరు. వైద్యం విషయమైతే 104కు ఫోను, ఆరోగ్యమిత్ర, జిల్లా కోఆర్డినేటరు. నర్సీపట్నం డివిజను కేంద్రం కాబట్టి ఆర్డీవో ఆఫీసు ఊళ్ళోనే ఉంది, అదొక అదృష్టం. కలెక్టరు కోసం మాత్రం 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయ్యేదాకా విశాఖ వెళ్ళాల్సి వచ్చేది. జిల్లాల విభజన మీద ఎన్ని వాదాలున్నా, కర్ర పట్టుకుని నడిచే మనిషికి ముప్పై కిలోమీటర్ల బస్సు తగ్గడం చిన్న సంగతి కాదు.

కానీ అర్జీ ఇవ్వడం వేరు, అప్పీలు చేసుకోవడం వేరు. అప్పీలంటే, నన్ను ఎందుకు తీసేశారో రాసివ్వాలి, నా మాట విన్నాకే తీసెయ్యాలి, అందాకా ఇచ్చేది ఆపకూడదు. అమెరికా సుప్రీంకోర్టు 1970లో గోల్డ్‌బర్గ్, కెల్లీ కేసులో సరిగ్గా ఈ మాటే చెప్పింది: పేదవాడి సాయం ఆపేముందు నోటీసు ఇచ్చి అతని వాదన వినాలి. అలాగని అమెరికాను ఆకాశానికెత్తనక్కర్లేదు. కొడుకు దగ్గరికి గ్రీన్‌కార్డు మీద వెళ్ళిన మన తల్లిదండ్రులకు చాలా రాష్ట్రాల్లో మెడికెయిడ్ తలుపు అయిదేళ్ళ దాకా తెరుచుకోదు. అక్కడ లక్షలు సంపాదించే పిల్లలు కూడా అమ్మకు పన్ను నొప్పి వస్తే ఇండియా టికెట్టు చూస్తారు. అయినా ముందు వినడం, తర్వాత ఆపడం అనే వరస మాత్రం అరువు తెచ్చుకోదగ్గది.

ఆ వరస మన దగ్గర కనపడింది ఈమధ్యే, అదీ వైద్యంలో కాదు, పింఛన్లలో. 2025 జనవరి నుంచి దివ్యాంగుల, మంచం పట్టినవాళ్ళ పింఛన్లను డాక్టర్లతో మళ్ళీ పరీక్ష చేయించారు. ఆగస్టులో వైకల్యం 40 శాతం కన్నా తక్కువని లక్షకు పైగా నోటీసులు వెళ్ళాయి. మండలాల్లో గగ్గోలు లేచింది. అప్పుడు ఎంపీడీఓ దగ్గర అప్పీలు పెట్టుకోవచ్చని, మళ్ళీ పరీక్ష చేస్తారని, అప్పీలు పెట్టుకున్నవాళ్ళకు పింఛను ఆగదని ప్రభుత్వం చెప్పింది. అరవై దాటినవాళ్ళను వృద్ధాప్య పింఛనుకు మారుస్తామంది. అంటే నెలకు 6,000 వచ్చేచోట 4,000. బోగస్ సర్టిఫికెట్లు ఉన్నాయా అంటే ఉన్నాయి. నిజంగా చెయ్యి లేవనివాడు నోటీసు అందుకున్నాడా అంటే అదీ జరిగింది. ఆటోలో మనిషిని ఎత్తుకొచ్చి, నేను నిజంగానే మంచాన పడ్డానండీ అని నిరూపించడం చూడ్డానికి బాగోదు. కానీ నోటీసుకు జవాబు చెప్పే చోటు ఒకటుందని ముసలివాళ్ళకు తెలిసింది ఆ నెలలోనే.

అంతకుముందే ఢిల్లీ నుంచి ఇంకో తలుపు తెరుచుకుంది. 2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ 2011 సామాజిక ఆర్థిక గణన ఆధారంగా 10.74 కోట్ల కుటుంబాలను ఎంచుకుంది. 2024 అక్టోబరు 29న ఆదాయంతో పనిలేకుండా డెబ్బై నిండిన ప్రతివారికీ వయవందన కార్డు ప్రారంభించారు. 5 లక్షల దాకా, పాత పథకంలో ఉన్నవాళ్ళకు అది అదనం. కొడుకు కారు, కోడలి ఉద్యోగం, కరెంటు మీటరు ఏదీ అడ్డం కాదు. చూసేది ఒక్కటే, ఆధార్‌లో వయసు.

ఆ వయసు ఎలా పడిందో ఆధార్ క్యాంపుల్లో నిలబడినవాళ్ళకు తెలుసు. "నీకెన్నేళ్ళు తాతా?" "ఉంటాయి బాబూ, అరవయ్యో డెబ్బయ్యో." కుర్రాడు మొహం చూసి ఒక సంవత్సరం వేసి, పుట్టిన తేదీ దగ్గర జనవరి 1 కొట్టేవాడు. మన వైపు పాతవాళ్ళు వయసు చెప్పడానికి పితూరీని కొండగుర్తు పెట్టుకునేవారు: పితూరీ నాటికి మాయమ్మ పాలు తాగే బిడ్డ అని. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 1969లో వచ్చింది. డెబ్బై నిండినవాళ్ళంతా అంతకుముందు పుట్టినవాళ్ళే. బడి మొహం చూడని మనిషికి స్కూలు సర్టిఫికెట్ ఎక్కడిది? ఇంకో చిత్రం ఏమిటంటే, ఆధార్ వయసుకు రుజువు కాదని సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో చెప్పింది 2024 అక్టోబరు 24న. ఆధార్‌లో వయసు చూసి ఇచ్చే కార్డు వచ్చింది సరిగ్గా అయిదు రోజులకు. పింఛను కోసం ఒకప్పుడు వయసు పెంచి రాయించుకున్నవాళ్ళకు ఇప్పుడు కలిసొచ్చింది. కుర్రాడి కంటికి చలాకీగా కనపడ్డ పాపానికి అరవై అయిదు దగ్గర ఆగిపోయినవాళ్ళు ఇంకో అయిదేళ్ళు ఓపిక పట్టాలి.

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం 1.63 కోట్ల కుటుంబాలకు, అంటే ధనిక, పేద తేడా లేకుండా అందరికీ, ఆరోగ్య బీమా ఇవ్వాలని తీర్మానించింది. రెండున్నర లక్షల దాకా బీమా కంపెనీ, పేదలకు ఆపైన 25 లక్షల దాకా ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు. అంటే మొదటి మెట్టుకు అర్హత పరీక్ష పోతుంది, రెండో మెట్టు దగ్గర మళ్ళీ కాపలా ఉంటుంది. నర్సీపట్నం దగ్గర మెడికల్ కాలేజీకి 2022 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగింది. దాన్ని ప్రభుత్వమే నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలా అన్న వాదం ఇంకా తెగలేదు. అది పూర్తయి పెద్ద డాక్టర్లు ఊరి పక్కనే కూర్చుంటే, నర్సీపట్నం ముసలివాళ్ళకు కార్డు కన్నా ముందు తీరేది దూరం.

ఆ రోజు మామ్మకు అర్జీ రాసిపెట్టింది ఆ ఆరోగ్యమిత్రే. తన పని కాకపోయినా తెల్లకాగితం తెప్పించి, "నేను ఒంటరిగా జీవించుచున్నాను" అని మొదలుపెట్టి నాలుగు లైన్లు రాసింది. మామ్మ సిరా డబ్బాలో బొటనవేలు అద్ది నొక్కింది. గీతలు అరిగిపోయి నీలం మరక ఒకటి పడింది. ఇంకో వేలు పెట్టమంది ఆ అమ్మాయి. పక్కనున్న ఆఫీసులో ఇచ్చి రసీదు తెచ్చుకోమని దారి చూపించింది. అరగంటకు మామ్మ చిన్న చీటీతో తిరిగొచ్చి బల్ల ముందు నిలబడింది.

"ఇది కూడా కార్డేనా తల్లీ?"

"కాదు మామ్మా, రసీదు. జాగ్రత్తగా పెట్టుకో."

తెల్లకార్డు అడుగున, దాని మీద మిగతావి వరసగా పేర్చి, అన్నిటికన్నా పైన ఆ చీటీ పెట్టి రబ్బరు బ్యాండు రెండు చుట్లు తిప్పింది.